ఇంజను లేని రైలు

దుబాయ్,
28 ఆగస్టు 2020

అన్నయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం. నీ చెవులకి ఫోను పనికిరాదు, నీ బొత్తాల ఫోనులో తెలుగు అక్షరాలు కనబడవు, అందుకని మళ్ళీ కాగితమే. నిజం చెప్పాలంటే నాకిదే హాయి. ఫోనులో అయితే నేను చెప్పింది రాజ్యం వదిన నీకు వినబడేలా అరుస్తుంది, మన ఇంటి సంగతులు వీధి చివర టీకొట్టు దాకా వెళ్తాయి.

మీ బావ మఫ్రఖ్‌లో కంపెనీ వాళ్ళ క్యాంపులోనే ఉన్నారు. అబుదాబి నుంచి ఇటు రావడం తేలికే, తిరిగి వెళ్ళేటప్పుడే కరోనా పరీక్షని ముక్కులో పుల్ల పెడుతున్నారు. "ఎందుకొచ్చిన గొడవే బాబూ" అని రావడం మానేశారు. నీ వీసా సంగతి మాత్రం మర్చిపోలేదు. అల్ వర్సాన్‌లో ఒక గోడౌన్ ముదీర్‌తో, అదే మేనేజరుతో, మాట్లాడుతున్నారు. లక్క బొమ్మలు కొనేవాళ్ళు లేక, కర్ర తిప్పి చెక్కే లేతు అమ్మేస్తున్నానని రాశావు. నాన్న చేతి లేతు. నేనేం అనగలను? అమ్మే ముందు నాకోసం ఒక్క పని చెయ్యి.

మా మేడం వాళ్ళ నాన్నగారు కజామా గారు మార్చిలో జపాన్ నుంచి రెండు వారాలకని వచ్చి ఇక్కడే చిక్కుకుపోయారు. గుండెకి స్టెంటు వేసిన మనిషి కదా, మేడం విమానం ఎక్కనివ్వడం లేదు. నేను తాతగారూ అనే పిలుస్తాను, పలుకుతారు. టోక్యోలో రైలు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని ఇసుక చూస్తుంటారు. నేను పెట్టే పప్పుచారు ఒక్కటే కాస్త ఇష్టంగా తాగుతారు. ఆయన నడిపిన రైలుని బొమ్మగా చేయించి ఇస్తే ముఖంలో కళ వస్తుందేమోనని నాకు అనిపించింది. మేడం సరే అన్నారు.

వివరాలు అడిగి రాస్తున్నాను. రైలు 205. పెట్టెలన్నీ ఒకే తీరు, పక్కకి నాలుగేసి తలుపులు. ఇంజనంటూ వేరే ఉండదు. ఒక్కో పెట్టె జానెడు ఉంటే చాలు. ఖర్చు మేడందే. చెయ్యగలవా?

జవాబు మేడం ఆఫీసు పోస్టుబాక్సుకే రాయి. ఇక్కడ ఇంటికి పోస్ట్‌మాన్ రాడు.

నీ చెల్లెలు
మంగ


ఏటికొప్పాక,
24 సెప్టెంబరు 2020

మంగమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనేదైనా దాస్తున్నానేమోనని మీ వదిన నాలుగోసారి చదివింది. చదివి, "అంత పెద్ద రైలేటి, ఆ ముసిలాయన ఎక్కడెట్టుకుంతాడు?" అంది. జపాను వాళ్ళకి ఇళ్ళు పెద్దవి అయి ఉంటాయని చెప్పాను.

చెయ్యగలవా అని నన్నే అడుగుతావా? ఆరు నెలలుగా లేతు మీద సాలీడు గూడు కట్టింది. మొన్న దాన్ని దులిపాను. నర్సీపట్నం నుంచి లేతు కొనడానికి వచ్చిన మనిషిని దసరా వెళ్ళాక రమ్మన్నాను. కొండ నుంచి అంకుడు కర్ర దింపించాను.

ఒకటే అనుమానం. ఇంజను ఉండదని రాశావు. అన్ని పెట్టెలు ఇంజను లేకుండా ఎలా కదులుతాయి? నువ్వు వినడంలో ఏదో పొరపాటు పడి ఉంటావు. చెవుడు నాకొక్కడికే అనుకున్నాను! అందుకని ముందుగా ఇంజను చేసి, సెలవుకొచ్చి ఇరుక్కుపోయి ఇప్పుడు దుబాయ్ తిరిగొస్తున్న మన ఊరి అయ్యప్ప చేత పంపుతున్నాను. పొగగొట్టం పైకి నాలుగు వంకాయరంగు కట్లు వేశాను. చూసి మెచ్చుకో.

ఇంకో కష్టం. లేతు మీద తిరిగేవన్నీ గుండ్రంగా వస్తాయి, నీ రైలేమో పలకలు పలకలుగా ఉండేట్టుంది. అది నేను చూసుకుంటాను. రంగు ఏమిటో రాయి. పసుపు, నీలి, లక్క ఎరుపు, జాఫ్రా గింజల నారింజ, అన్నీ మన దగ్గర ఉన్నాయి.

అన్నయ్య
అంజిబాబు


దుబాయ్,
12 నవంబరు 2020

అన్నయ్యా,

ఇంజను చేరింది. తాతగారు దాన్ని రెండు చేతులతో అందుకుని పొగగొట్టం మీద వేలు పెట్టి తిప్పి తిప్పి చూశారు. తర్వాత మేడంతో ఏదో అన్నారు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "ఇది మా తాతగారి కాలం రైలు, నాది కాదు అంటున్నారు" అంది. అయినా దాన్ని తలగడ పక్కనే పెట్టుకున్నారు. ఆ రోజు అన్నం రెండోసారి అడిగారు!

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఇంజను నిజంగానే లేదు. మోటార్లు కొన్ని పెట్టెల అడుగునే ఉంటాయి, పైన తీగ నుంచి కరెంటు వస్తుంది. ముందు పెట్టెలో ఒక గది, అందులో తాతగారు. అంతే.

ఇది 1985లో వచ్చిన రైలట. అప్పటికి వాళ్ళ ప్రభుత్వ రైల్వే అప్పుల్లో మునిగి ఉంది. దీని ముందు చేసిన రైలు చాలా బాగుండేది కానీ ఖరీదెక్కువ. తక్కువలో అయ్యేది, తేలికగా ఉండేది, కరెంటు తక్కువ తాగేది కావాలని ఇంజనీర్లు కూర్చుని దీన్ని తయారుచేశారు. ఒళ్ళంతా స్టీలు. తుప్పు పట్టదు, రంగు వెయ్యక్కర్లేదు, పక్కన ఒక్క రంగు పట్టీ ఉంటే చాలు. వదినకి చెప్పు, మన స్టీలు బిందె పట్టాల మీద పరిగెత్తుతున్నట్టే అనుకోమను. ఇది వచ్చిన రెండేళ్ళకే ఆ రైల్వేని ముక్కలు చేసి కంపెనీల చేతిలో పెట్టారట. రైలు మాత్రం నిలబడింది.

తాతగారికి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. టోక్యో చుట్టూ గుండ్రంగా తిరిగే లైను ఒకటుంది, యమనోతె అంటారు. దాని మీద ఈ కొత్త రైలు నడిపారు. మొదట వచ్చినవాటికి తలుపు అద్దాలు మరీ చిన్నవట, పిల్లలకి బయట ఏమీ కనపడేది కాదు. తర్వాత పెద్దవి చేశారు. ఆ లైనులో పట్టీ రంగు లేత ఆకుపచ్చ.

ఉండు, రాసేశాను కదా అని ఆకుపచ్చ కలపకు. కొన్నేళ్ళకి కొత్త రైళ్ళు వచ్చి వీటిని ముసాషినో అనే ఇంకో లైనుకి మార్చారు. అక్కడ నారింజ పట్టీ. తాతగారు కూడా దాని వెంటే ఆ లైనుకి వెళ్ళారు. వేరే లైనులో ఇదే రైలుకి పసుపు పట్టీ ఉండేదట. పోయిన నెల ముసాషినోలో ఆఖరిది కూడా తీసేశారు. ఆ రోజు వెళ్ళి చూడాలని ఆయన ఎంత ఆశపడ్డారో. ఫోనులో చూశారు. చూశాక, "ఓడెక్కించి పంపేశారు" అని ఒక్క మాట అని గదిలోకి వెళ్ళిపోయారు.

నీ వీసాకి ముదీర్ ఒప్పుకున్నాడు. పాస్‌పోర్టు కాపీ వెంటనే పంపు.

మంగ


ఏటికొప్పాక,
6 జనవరి 2021

మంగమ్మా,

పాస్‌పోర్టు పంపడం లేదు. కోప్పడకు, ఇది సంతోషంగా రాస్తున్న ఉత్తరం. నర్సీపట్నం మనిషికి లేతు ఇవ్వనని చెప్పేశాను. పని మానేసి ఇటుకబట్టీకి పోతున్న ఇద్దరు కుర్రాళ్ళని వెనక్కి పిలిచాను. పొద్దున్నే మూడు లేతులు తిరుగుతున్నాయి. నాకు వినపడదు గానీ గచ్చు మీద కాలు పెడితే అరికాలికి తెలుస్తోంది.

ఇప్పటికి అరవై పెట్టెలు పూర్తయ్యాయి. మిగతావి మార్చికల్లా అవుతాయి. రెండువందల అయిదు పెట్టెల బేరం ఈ మధ్యకాలంలో ఏటికొప్పాకలో ఎవరికి వచ్చింది చెప్పు? వీధిలో నేను నడుస్తుంటే, "అదిగో దుబాయి రైలు" అంటున్నారట. మీ వదిన చెప్పింది.

రంగు దగ్గర నువ్వు నన్ను చంపావు. ఆకుపచ్చ అన్నావు, కాదు నారింజ అన్నావు, ఇంకోచోట పసుపు అన్నావు. ఇంకో ఉత్తరం రాస్తే ఊదా అంటావేమోనని భయపడి నేనే దారి కనిపెట్టాను. పలక మీద లక్క పట్టదు, లేతు మీద తిరిగితేనే ఆ వేడికి కరిగి అంటుకుంటుంది. స్టీలు రంగు మన దగ్గర లేనేలేదు. కాబట్టి పెట్టెకి ఏ రంగూ వెయ్యలేదు. అంకుడు కర్రని నున్నగా చేసి మొగలాకుతో రుద్ది వదిలేశాను. తెల్లగా మెరుస్తోంది. పక్కన సన్నటి గాడి తీశాను. లేతు మీద రంగు రంగుల పుల్లలు తీసి, నిలువునా చీల్చి పెట్టాను. కావలసిన పుల్ల గాడిలో దూర్చుకుంటే ఆ లైను రైలవుతుంది. నాలుగో రంగుగా లక్క ఎరుపు కూడా వేశాను, అది లేకపోతే మన ఊరి బొమ్మ అనిపించదు.

అన్నయ్య


దుబాయ్,
2 ఫిబ్రవరి 2021

అన్నయ్యా, ఆపెయ్. ఈ ఉత్తరం చేతికందగానే లేతు ఆపెయ్.

రెండువందల అయిదు పెట్టెల సంఖ్య కాదు. ఆ రైలు రకం పేరు. మన దగ్గర బస్సుకి నంబరు ఉన్నట్టు. రైలంటే పది పెట్టెలు. నేను పది అనుకునే రాశాను. ఆ ముక్క కాగితం మీద పెట్టలేదు. అంత తెలివితక్కువ దాన్ని అన్నయ్యా నేను.

మీ బావకి చెప్తే, "ఖలాస్, ఆ గోడౌన్లో ఉద్యోగం నిన్ననే వేరేవాళ్ళకి ఇచ్చేశారే, మీ అన్న రానన్నాడు కదా" అన్నారు. లేతూ అమ్మలేదు, వీసా కూడా పోయింది, కర్ర కొన్నావు, కుర్రాళ్ళని పిలిచావు. మేడంకి ఎలా చెప్పను? పది బొమ్మలకి ఒప్పుకున్న మనిషి. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియకుండా వంట చేస్తున్నాను.

మంగ


ఏటికొప్పాక,
15 మార్చి 2021

మంగమ్మా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, పనిలో ఉన్నావనుకుంటాను. అన్నీ అయిపోయాయి. ఆఖరి పెట్టెకి మీ వదిన కొబ్బరికాయ కొట్టింది. మొత్తం నాలుగు అట్టపెట్టెల్లో సర్ది విశాఖలో కార్గోకి ఇచ్చాను. తాతగారికి నా నమస్కారం. ఇంజను లేకుండా రైలు చేసినవాణ్ణి ఏటికొప్పాకలో నేనొక్కణ్ణే అని ఆయనతో చెప్పు.

అన్నయ్య


దుబాయ్,
20 ఏప్రిల్ 2021

అన్నయ్యా,

ముందు నీళ్ళు తాగి కూర్చో. అంతా మంచే.

నేను ఫిబ్రవరిలో ఏడుస్తూ రాసిన ఉత్తరం నీకు అందలేదని నీ మార్చి ఉత్తరం చూస్తే తెలిసింది. అందులో ఏముందంటే, 205 అనేది రైలు రకం. పెట్టెల లెక్క కాదు. నేను అడిగింది పది. ఆగు, లేవకు, చదువు.

కార్గోవాళ్ళు వచ్చేసరికి మేడం ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో తాతగారు, నేను, కొత్తగా పనికి చేరిన యూలి అనే ఇండోనేషియా అమ్మాయి. తాతగారే కత్తెర తెచ్చి మొదటి అట్టపెట్టె తెరిచారు. పది పెట్టెలు తీసి బల్ల మీద పేర్చారు. ముఖం వెలిగిపోయింది. ఇంకో పది తీశారు. ఇంకో పది. అప్పుడు ఆగి, మిగిలిన మూడు అట్టపెట్టెల వైపు చూసి, నా వైపు చూశారు. నేను కాగితం మీద 205 అని రాసి, ఆ అంకె చూపించి, పెట్టెలు చూపించి, చేతులు జోడించాను.

ఆయనకి ఒక నిమిషం పట్టింది. తర్వాత నవ్వారు అన్నయ్యా! సోఫాలో పడి, పొట్ట పట్టుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. స్టెంటు గుర్తొచ్చి నేను మంచినీళ్ళకి పరిగెత్తాను. వచ్చేసరికి ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని రైలు పేరుస్తున్నారు. "యల్లా మంగా-సాన్, యల్లా!" అని పిలిచారు. పద పద అనే ఆ అరబ్బీ మాట ఎప్పుడు నేర్చుకున్నారో తెలియదు. ముగ్గురం కూర్చుని పేర్చాం. హాలు దాటింది, వంటగదిలోకి వచ్చి, స్టవ్ చుట్టూ తిరిగి, వరండాలోంచి గేటు దాకా వెళ్ళింది.

యూలి నువ్వు పంపిన పుల్లల సంచీలోంచి ఎర్ర పుల్ల, పసుపు పుల్ల తీసి ఒక పెట్టెకి చెరో పక్క దూర్చి గట్టిగా అరిచింది. "ఇది మా రైలు!"

వాళ్ళది బోగొర్ అనే ఊరు. అక్కడి నుంచి జకార్తాలో బట్టల షాపుకి రోజూ ఈ రైల్లోనే వెళ్ళేదట. జపాన్ నుంచి ఓడల్లో వెళ్ళినవి అక్కడే దిగాయి. స్టీలు ఒంటికి ఎరుపు, పసుపు రంగులు వేసి నడుపుతున్నారు. రెండు చివరలా పెట్టెలు ఆడవాళ్ళకట. జడ అందులోనే వేసుకునేది, నిద్ర అందులోనే పోయేది. తాతగారు ఆత్రంగా ఏ నంబరు బండి అని అడిగితే, "నంబరు ఎవరు చూస్తారు? ఫ్యాను కింద చోటు దొరికిందా లేదా, అదే చూస్తాం" అంది. ఇదంతా సగం ఇంగ్లీషు, సగం హిందీ, మిగతాది చేతులు.

తాతగారు ఒక పెట్టెని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, తలుపులు మూసుకునేటప్పుడు చప్పుడు ఎలా ఉంటుందని అడిగారు. యూలి నోటితో చేసి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, కాదు, చివర్లో ఇలా ఉండాలని ఇంకోలా చేశారు. యూలి ఒప్పుకోలేదు. మేడం వచ్చేసరికి వీళ్ళిద్దరూ తలుపుల్లా "ష్షూ, టక్" అంటూ పోట్లాడుకుంటున్నారు. గేటుకి రైలు అడ్డంగా ఉండి మేడం లోపలికి రాలేకపోయారు. అక్కడే నిలబడి, తండ్రి నవ్వు విని, గోడకి ఆనుకుని ఏడ్చేశారు.

ఆ మర్నాడు తాతగారితో అన్నాను. "పంపేశారు అని బాధపడ్డారు కదా, నన్నూ యూలినీ కూడా మా వాళ్ళు పంపేశారు. చక్కగా ఉన్నాం కదా?" మేడం చెప్తే విని, నాకు వంగి దణ్ణం పెట్టారు. నేనెక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఒక్క పెట్టె కూడా వెనక్కి వెళ్ళదు. ఆయనతో ఈ రైలు నడిపిన పాత స్నేహితులందరికీ తలో రైలు పంపుతున్నారు. ఇక్కడి జపాన్ వాళ్ళు కూడా అడిగి పట్టుకెళ్తున్నారు. డబ్బు అయ్యప్ప పేరున వేశాం, సెలవుకొచ్చినప్పుడు తెచ్చిస్తాడు.

చివరగా ఒక ఫిర్యాదు. ఈ రైల్లో పక్కకి ఆరు తలుపులున్న పెట్టె కూడా ఉండేదట. పొద్దున్న జనం ఎక్కువని సీట్లన్నీ మడిచి తాళం వేసి, అందర్నీ నిలబెట్టి తీసుకెళ్ళేవారు. "మీ అన్నగారు ఆ పెట్టె ఒక్కటీ చెయ్యలేదు" అని తాతగారు అలిగారు. ఇరవై కావాలట. ఇరవై అంటే ఇరవై పెట్టెలే అన్నయ్యా, ఇది రకం పేరు కాదు.

మంగ


ఏటికొప్పాక,
30 మే 2021

మంగమ్మా,

నీ ఏప్రిల్ ఉత్తరం చదివి రెండు రోజులు సిగ్గుతో లేతు దగ్గరికి వెళ్ళలేదు. మూడోరోజు, "నీ తప్పుకి ఆయన నవ్వేడు కదా, నువ్వు ముడుసుకుంతావేటి, లెగు" అని మీ వదిన నన్ను తోలింది.

ఆరు తలుపులవి మొదలుపెట్టి ఎనిమిది చేశాక నీ ఇంకో ఉత్తరం వచ్చింది. తెరిస్తే, "ఆపెయ్, చేతికందగానే లేతు ఆపెయ్" అని ఉంది. మిగతాది చదవకుండానే లేతు ఆపేశాను. కుర్రాళ్ళని ఇంటికి పంపేశాను. తాతగారికి ఏమయిందో అని రాత్రంతా బాధపడ్డాను. పొద్దున్న మీ వదిన తేదీ చూసింది. ఫిబ్రవరి! నాలుగు నెలలు ఆ ఉత్తరం ఏ దేశాలు తిరిగిందో. మళ్ళీ కుర్రాళ్ళ కోసం పరిగెత్తాను.

జపాను నుంచి ఎవరో రాశారు. లోపల ఒక ముసలాయన మన రైలు పట్టుకుని నిలబడిన ఫొటో ఉంది. కింద ఏం రాశాడో మనకి రాదు. దాన్ని గోడకి అంటించాను. నన్ను దుబాయ్ రప్పించమని ఇక బావని కష్టపెట్టకు. నాకు ఇక్కడే పని ఉంది.

అన్నయ్య


దుబాయ్,
18 జనవరి 2023

అన్నయ్యా,

ఇంట్లో సున్నం కొట్టించు. తాతగారు వస్తున్నారు. డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాడు. ముందు మన ఊరు, అక్కడి నుంచి జకార్తా, ఆ తర్వాత వాళ్ళ ఊరు. జకార్తాలో యూలి తమ్ముడు ఎదురొచ్చి రైలెక్కిస్తాడు. మన ఊరికి మీ బావ సెలవు పెట్టి తోడొస్తున్నారు. నాకు ఏప్రిల్ దాకా సెలవు లేదు, కుళ్ళు పుడుతోంది. కారం తగ్గించి వండమని వదినకి చెప్పు. ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా రాయి.

మంగ


ఏటికొప్పాక,
11 ఫిబ్రవరి 2023

మంగమ్మా,

వచ్చాడమ్మా మీ తాతగారు. విశాఖలో కారు పెడతామంటే వద్దని, మెమూ రైలు ఎక్కుతానని పట్టుబట్టాడట. నేను నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో నిలబడ్డాను. రైలు ఆగింది. మొదట ఆయన దిగాడు, ఆ వెనక సామానంతా మోస్తూ బావ. ఆయన నన్ను పలకరించకుండా నేరుగా ముందుకి వెళ్ళి, డ్రైవరు గది కింద నిలబడి టోపీ తీసి వంగాడు. పైనున్న కుర్ర డ్రైవరు కంగారుపడి అతనూ వంగాడు. అప్పుడు చూశాను, ఆ రైలుకీ వేరే ఇంజను లేదు. ఇన్నేళ్ళుగా మన స్టేషన్లోనే ఆగుతోంది!

బావకి ఆయన మాటలు నాకు చెప్పే పని పడలేదు. జపాను డ్రైవర్లు సిగ్నలు కనపడగానే దాన్ని వేలితో చూపించి పైకి చెప్పాలట, నలభై ఏళ్ళు చేసి చేసి ఆయనకి అదే అలవాటయింది. గేదెని చూపిస్తాడు, నూతిని చూపిస్తాడు, ఇడ్లీని చూపించి సిద్ధం అన్నట్టు తల ఊపుతాడు. నాకు ఎదుటివాళ్ళ చేతులు, ముఖం చూసి అర్థం చేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఊళ్ళో అందరికంటే ఆయనతో నాకు బాగా కుదిరింది. మూడు రోజులూ మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. మధ్యలో బావ, "నన్నెందుకు తీసుకొచ్చారండీ బాబూ" అన్నాడట.

లేతు మీద కూర్చుంటానన్నాడు. కర్ర బిగించి ఉలి చేతికిచ్చాను. మొదటిది విరిగింది, రెండోదీ విరిగింది. మూడోసారి ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. ఒక బొంగరం వచ్చింది. కాస్త వంకర. లక్క ఆయనే పట్టాడు, రంగు కరిగి కర్రకి అంటుకుంటుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూశాడు. ఏ రంగని అడిగితే నాలుగు లక్క కడ్డీలనీ వరసగా వేలితో చూపించాడు. నాలుగూ వేశాం.

రేపు ఆయనకి జకార్తా ప్రయాణం. అక్కడ తను నడిపిన రైల్లోనే మామూలు మనిషిలా కూర్చుంటాడట. ముప్ఫై ఏళ్ళు ఆ రైలు ముందు గదిలో కూర్చుని పట్టాలే చూశాను, ఈసారి పక్క కిటికీలోంచి ఊళ్ళు చూస్తాను అన్నాడు. ఇది మాత్రం ఆయన వచ్చీరాని ఇంగ్లీషు పట్టుకుని బావ రాసి చూపించాడు, చేతులతో అంత చెప్పలేం కదా.

ఇప్పుడు వాకిట్లో మీ వదిన ఆయనకి పనసపొట్టు కొట్టడం నేర్పుతోంది. గుమ్మంలోంచి కనపడుతున్నారు. పొట్టు ఆయన గడ్డానికి, కళ్ళజోడుకి, బావ చొక్కాకి అంటుకుంది. ముగ్గురూ నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. ఎందుకో తెలియదు. మీ వదిన నన్ను చెయ్యూపి పిలుస్తోంది. మిగతాది తర్వాత రాస్తాను, వెళ్ళి చూడాలి.

అన్నయ్య